ఫైల్ తెరవొచ్చా, వద్దా? అనుమానం వచ్చిన ఫైల్‌ను తేల్చుకునే పద్ధతి

పెన్‌డ్రైవ్ పెట్టగానే స్క్రీన్ మూలన డిఫెండర్ (విండోస్‌తో పాటు వచ్చే యాంటీవైరస్) హెచ్చరిక పడుతుంది. డ్రైవ్ తెచ్చినాయన పక్కనే నిలబడి, "ఏం లేదన్నా, మా పాప హాల్‌టికెట్టే, ప్రింటు తీసెయ్" అంటాడు. నెల్లూరు ట్రంకు రోడ్డు డీటీపీ షాపుల్లోనూ, ఒంగోలు కర్నూలు రోడ్డు నెట్ సెంటర్లలోనూ ఇది మామూలే. తెరిస్తే షాపు సిస్టమ్ పోతుందేమోనని టెన్షన్, తెరవకపోతే గిరాకీ పోతుందని దిగులు.

ఇలాంటప్పుడు కొందరు యాంటీవైరస్ వద్దంది కదా అని ఫైల్ డిలీట్ చేసేస్తారు. ఇంకొందరు యాంటీవైరస్‌నే ఆపేసి ఫైల్ తెరుస్తారు. రెండూ తొందరపాటే. యాంటీవైరస్ చెప్పేది ఒక సాక్షి మాట లాంటిది, దాన్నే తీర్పు అనుకోకూడదు. ఫైల్ తన గురించి ఏం చెప్పుకుంటోంది, నిజానికి లోపల ఏముంది అని పోల్చి చూడటం నా పద్ధతి. ఫొటోనని చెప్పుకుంటున్న ఫైల్ లోపల ప్రోగ్రాం బయటపడితే ఇంకెవర్నీ అడగక్కర్లేదు. మంచి ఫైల్‌కు వేషం వేసుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇక్కడ చెప్పే పద్ధతి విండోస్ 10, 11 సిస్టమ్‌లకు పనికొస్తుంది. ఫోన్ సంగతి తర్వాత చెబుతాను. అన్నిటికన్నా ముందు, తేలేదాకా డబుల్ క్లిక్ వద్దు. డిస్క్‌లో ఊరికే పడి ఉన్న ఫైల్ మామూలుగా ఏమీ చేయలేదు. దాన్ని నడిపిస్తేనే ముప్పు.

1. ఎవరు పంపారు, ఎందుకు పంపారు

తెలిసినవాళ్లే పంపారు కాబట్టి భయం లేదని అనుకోవద్దు. వైరస్ వ్యాపించేదే తెలిసినవాళ్ల దారిలో. పంపిన మనిషికి ఫోన్ చేసి "నువ్వే పంపావా, ఏం ఫైలది?" అని అడిగితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారం సంగతే తీసుకోండి. బ్లాక్ గెలాక్సీ రాయి విదేశాలకు పోతుంది కాబట్టి ముక్కూమొహం తెలియని విదేశీ కంపెనీ నుంచి "పర్చేజ్ ఆర్డర్" అంటూ మెయిల్ రావడం అక్కడి ఆఫీసులకు వింతేమీ కాదు. మోసగాళ్లకు కావాల్సిందీ అదే. అటాచ్‌మెంట్‌గా రార్ ఫైలో, ఐఎస్ఓ ఫైలో (జిప్ లాగా లోపల వేరే ఫైళ్లు పెట్టుకునే రకాలు) ఉంటుంది. లేదంటే పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఉండి, దాని పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో కింద రాసి ఉంటుంది. తాళం వేసి తాళంచెవిని ఆ తలుపుకే తగిలించడం ఎందుకు? మెయిల్ సర్వర్‌లోని స్కానర్ జిప్ లోపలికి తొంగి చూడకుండా ఉండటానికి. రెండు పేజీల ఆర్డర్ పంపడానికి నిజమైన కొనుగోలుదారుడికి ఇంత తతంగం అక్కర్లేదు. ఆరా తీయాలంటే మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.

2. ఫైల్ పూర్తి పేరు చూడండి

విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి ముక్క, అంటే ఎక్స్‌టెన్షన్, కనిపించకుండా దాచేస్తుంది. ఇది మైక్రోసాఫ్ట్ ఎందుకు ఇంకా మార్చలేదో నాకైతే అర్థం కాదు. ముందు దాన్ని బయటికి రప్పించాలి. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ బాక్స్ ఉంటుంది.

ఇప్పుడు చూస్తే "హాల్‌టికెట్.పీడీఎఫ్" అనుకున్నది కాస్తా "హాల్‌టికెట్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అని తేలొచ్చు. చివరి ముక్కే అసలు ముక్క. ఈఎక్స్ఈ, ఎస్సీఆర్, బ్యాట్, సీఎండీ, వీబీఎస్, జేఎస్, హెచ్‌టీఏ, ఎంఎస్ఐ, పీఎస్1 అన్నీ నడిచే రకాలే. వీటిలో ఏదైనా ఫొటో, బిల్లు, సర్టిఫికెట్ పేరుతో వస్తే అక్కడితో ఆపేయండి. పైన కనిపించే బొమ్మను అసలు నమ్మొద్దు. ఏ ప్రోగ్రాంకైనా పీడీఎఫ్ బొమ్మో, పసుపు ఫోల్డర్ బొమ్మో తగిలించుకోవచ్చు.

పేరులోనూ మాయలుంటాయి. పీడీఎఫ్ అన్న తర్వాత బోలెడు ఖాళీలు పెట్టి, అసలు ఎక్స్‌టెన్షన్‌ను స్క్రీన్ అంచు దాటించేస్తారు. యూనికోడ్‌లో అరబిక్, ఉర్దూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం కనిపించని గుర్తులుంటాయి. అందులో ఒకటి పేరు మధ్యలో దూర్చి చివరి అక్షరాలు తిరగబడి కనిపించేలా చేస్తారు. వీటికి విరుగుడు సులువు. ఫోల్డర్‌ను డీటెయిల్స్ వ్యూలో పెట్టి టైప్ అనే వరుస చూడండి. పేరు ఎంత మాయ చేసినా అక్కడ "అప్లికేషన్" అనో, "స్క్రీన్ సేవర్" అనో నిజం కనిపిస్తుంది.

3. పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్‌లు కనిపిస్తే

మన షాపుల్లో ఎక్కువగా తిరిగేది ఈ రకమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లు ఎప్పట్లాగే కనిపిస్తాయి, కానీ ఒక్కోదానికి ఎడమ మూల కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది. కొన్నిసార్లు డ్రైవ్‌లో డ్రైవ్ పేరుతోనే ఇంకో డ్రైవ్ బొమ్మ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు చూపించమని చెప్పినా షార్ట్‌కట్ ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ చూపించదు. అందుకే పేరు చూసి పట్టుకోలేం.

దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. షార్ట్‌కట్ ట్యాబ్‌లో టార్గెట్ అనే గడి ఉంటుంది. మామూలు షార్ట్‌కట్ అయితే అందులో ఒక ఫోల్డర్ దారో, ప్రోగ్రాం దారో ఉంటుంది, అంతే. వైరస్ షార్ట్‌కట్‌లో కమాండ్ ప్రాంప్ట్, పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, రన్‌డీఎల్ఎల్32 లాంటి విండోస్ ప్రోగ్రాం పేరు, దాని వెనక పొడుగాటి గీతలూ గుర్తులూ, చివర ఏదో వింత ఫైల్ పేరు కనబడతాయి. గడిలో కర్సర్ పెట్టి కీబోర్డులో ఎండ్ బటన్ నొక్కి చివరిదాకా చదవండి. దాచిందంతా తరచూ ఆ చివర్లోనే ఉంటుంది.

ఇది ఇలా ఎందుకు పనిచేస్తుందంటే, ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ దానంతట అదే ప్రోగ్రాంను నడిపించేసేది. విండోస్ 7 నుంచి ఆ దారి మూసేశారు. 2011లో ఎక్స్‌పీకి కూడా అప్‌డేట్ ఇచ్చారు. అప్పట్నుంచి వైరస్‌కు మన చేత ఒక క్లిక్ కొట్టించడం అవసరమైంది. మీ పాప ఫొటోల ఫోల్డర్ పేరు మీద క్లిక్ కొట్టకుండా ఉంటారా? క్లిక్ కొట్టగానే వైరస్ నడుస్తుంది, అనుమానం రాకుండా నిజం ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది.

చాలాసార్లు అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచేసి ఉంటాయి. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. అయినా కనబడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీసేయండి. పేరే లేనట్టు కనిపించే ఫోల్డర్ ఒకటి బయటపడొచ్చు, ఫైళ్లన్నీ అందులో ఉంటాయి. అందులోంచి ఫొటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమే తీసుకుని, స్కాన్ చేసి, ఆ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. డ్రైవ్ ఇచ్చిన మనిషికి ఇంట్లో సిస్టమ్‌కు కూడా వైరస్ ఉండొచ్చని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే వచ్చే వారం అదే డ్రైవ్, అవే బాణాలు.

4. నోట్‌ప్యాడ్‌తో లోపలి అక్షరాలు చూడటం

పేరు మార్చొచ్చు, బొమ్మ మార్చొచ్చు, కానీ ఫైల్ మొదట్లో ఉండే అక్షరాలు మారిస్తే ఫైలే పనిచేయదు. ముందు ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి, ఫైల్‌ను మౌస్‌తో లాక్కొచ్చి అందులో వదలండి. ఇలా చేస్తే ప్రోగ్రాం నడవదు, లోపలి సరుకు అక్షరాలుగా కనబడుతుందంతే. అంతా పిచ్చి గుర్తులే ఉంటాయి, కంగారు పడొద్దు. మొదటి రెండు మూడు అక్షరాలు చూస్తే చాలు.

ఇంగ్లీషులో ఎం, జెడ్ ఉంటే అది విండోస్ ప్రోగ్రాం, పేరు ఏదైనా సరే. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జిబికోవ్‌స్కీ పేరులోని అక్షరాలవి. శాతం గుర్తు, వెంటనే పీడీఎఫ్ అని ఉంటే నిజంగా పీడీఎఫ్. పీ, కే ఉంటే జిప్. కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, ఏపీకేలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) కూడా లోపల జిప్‌లే కాబట్టి వాటికీ పీకేనే ఉంటుంది. మొదటి వరుసలో పీఎన్‌జీ కనిపిస్తే పీఎన్‌జీ బొమ్మ. కెమెరా ఫొటోల్లో మొదట్లోనే ఎగ్జిఫ్ అనో, జేఎఫ్ఐఎఫ్ అనో కనబడుతుంది.

ఫైల్ నిజంగానే జేపీజీ అయితే దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. పీడీఎఫ్ అయితే క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరవండి, బ్రౌజర్ దాన్ని విడిగా కట్టడి చేసి చూపిస్తుంది. తెరిచాక పేజీ అంతా మసకగా ఉండి మధ్యలో "డౌన్‌లోడ్" బటన్ కనబడితే ఆ బటన్ జోలికి పోకండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో అసలు ప్రమాదం మాక్రోలతో, అంటే ఫైల్ లోపలే దాగి నడిచే చిన్న ప్రోగ్రాంలతో. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్టే ఆపేస్తోంది. "ఇది కనబడాలంటే ఎనేబుల్ కంటెంట్ నొక్కండి" అని ఫైలే మిమ్మల్ని బతిమాలుతోందంటే దాని ఉద్దేశం తెలిసిపోయినట్టే.

5. సంతకం ఉందా, ఎక్కడ కూర్చుంది

ఇది ప్రోగ్రాం ఫైళ్లకు మాత్రమే. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉంటే అందులో కంపెనీ పేరు చూసి, డీటెయిల్స్ నొక్కి సంతకం సరిగ్గా ఉందో లేదో చూడండి. అడోబ్ ఇన్‌స్టాలర్‌నని చెప్పుకునే ఫైల్‌కు అడోబ్ సంతకం లేకపోతే అది దొంగదే. చిన్న డెవలపర్లు డబ్బు పెట్టి సర్టిఫికెట్ కొనలేరు, కాబట్టి వాళ్ల ప్రోగ్రాంలకు సంతకం లేనంత మాత్రాన దోషం కాదు. సంతకం ఉన్నంత మాత్రాన పూర్తి భరోసా కూడా లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్ కంపెనీ సొంత సంతకంతో, కంపెనీ సొంత సైట్ నుంచే వైరస్‌ను మోసుకొచ్చింది.

ఇప్పటికే సిస్టమ్‌లో నడుస్తున్న ఫైల్ మీద అనుమానమైతే టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. విండోస్ సొంత ప్రోగ్రాం ఎస్‌వీసీహోస్ట్ పేరుతో బోలెడన్ని నడుస్తున్నాయని కంగారుపడేవాళ్లు ఎక్కువ. అవి సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32 ఫోల్డర్లో ఉంటే మామూలే. అదే పేరుతో టెంప్, యాప్‌డేటా లాంటి వేరే ఫోల్డర్లలో కూర్చుని ఉంటే, లేదా పేరులో ఒక అక్షరం అటూఇటూ అయి ఉంటే అది వేషగాడే.

6. వైరస్‌టోటల్: అంకె కాదు, అర్థం చదవాలి

వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్ 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012లో గూగుల్ కొనుక్కుంది. ఫైల్ ఇస్తే పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి స్కాన్ చేయిస్తుంది. ఉచితం. 650 ఎంబీ దాకా ఫైళ్లు తీసుకుంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం చాలామందికి తెలియదు. అక్కడ అప్‌లోడ్ చేసిన ఫైల్‌ను భద్రతా కంపెనీలు, డబ్బు కట్టి సేవ వాడే పరిశోధకులు దించుకోగలరు. కాబట్టి కస్టమర్ ఆధార్, అడంగల్, ఈసీ, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి అక్కడ వేయకండి. వాటికి హ్యాష్ దారి ఉంది. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర, ఒక్క అక్షరం మారినా మొత్తం మారిపోతుంది. సిస్టమ్‌లో సెవెన్‌జిప్ అనే జిప్ ప్రోగ్రాం ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్ఏ మెనూలో ఎస్‌హెచ్ఏ-256 ఎంచుకోండి. విండోస్ 11లో ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాల్సి రావొచ్చు. 64 అక్షరాల వరుస వస్తుంది. దాన్ని కాపీ చేసి వైరస్‌టోటల్ సెర్చ్‌లో వేస్తే, ఆ ఫైల్‌ను ఎవరైనా ముందే పరీక్షించి ఉంటే ఫలితం కనబడుతుంది. ఫైల్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఏమీ దొరకలేదంటే ఆ ఫైల్ అక్కడికి కొత్త అని అర్థం, మంచిదని కాదు. ఊరూ పేరూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ అక్కడ ఎవరికీ తెలియదంటే అదే పెద్ద అనుమానం.

ఫలితం చదవడంలోనే అసలు పని ఉంది. పైన కనిపించే అంకె చూసి ఊరుకోవద్దు. సున్నా వచ్చినా డీటెయిల్స్ ట్యాబ్‌లో ఫస్ట్ సబ్మిషన్ తేదీ చూడండి. ఈ రోజో నిన్ననో మొదటిసారి కనబడిన ఫైల్ అయితే యాంటీవైరస్ కంపెనీలకు ఇంకా అంది ఉండదు. రేపు మళ్లీ రీఅనలైజ్ నొక్కి చూడండి. అంకె పెరిగితే వైరస్సే. ఏళ్లుగా ఉన్న ఫైల్‌కు ఒకటో రెండో, అదీ పేరు వినని యాంటీవైరస్ ఇంజిన్ల నుంచి ఎరుపు వస్తే అది చాలావరకు పొరపాటు హెచ్చరిక. మైక్రోసాఫ్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్ మూడూ ఎర్రబడి, ఒకే వైరస్ కుటుంబం పేరు చెబుతుంటే వాదన అనవసరం. ఇంకో మెలిక ఏమిటంటే చాలా కంపెనీలు బిట్‌డిఫెండర్ ఇంజిన్‌ను లైసెన్స్ తీసుకుని వాడతాయి. ఒకే పేరు అక్షరం తేడా లేకుండా ఆరేడు చోట్ల కనబడితే ఆరేడుగురు చెప్పినట్టు కాదు, ఒక్కరు చెప్పినట్టే లెక్క.

7. పొరపాటు హెచ్చరికను గుర్తుపట్టడం

యాంటీవైరస్‌లూ తప్పు చేస్తాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీ సొంత ఎస్‌వీసీహోస్ట్ ఫైల్‌నే వైరస్ అనుకుని పక్కకు లాగేసింది. ఎక్కడెక్కడో ఆఫీసుల్లో సిస్టమ్‌లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి.

హెచ్చరికలోని పేరులోనే కొంత సమాచారం ఉంటుంది. "జెన్", "జెనరిక్", "హ్యూర్" లాంటి ముక్కలుంటే పోలికలు చూసి అనుమానపడిందని అర్థం. మైక్రోసాఫ్ట్ పేరు చివర ఎంఎల్ ఉంటే మెషీన్ లెర్నింగ్ వేసిన అంచనా. "పీయూఏ" అంటే అవసరం లేని చెత్త, యాడ్‌లు చూపించే రకం. ఒక కచ్చితమైన కుటుంబం పేరు చెబితేనే గట్టి సాక్ష్యం.

డీటీపీ షాపుల్లో దీనికి బలయ్యేది తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు. మీరు నొక్కిన కీని మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చడమే వాటి పని. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా కీలను అలాగే పట్టుకుంటుంది. పాత ప్రోగ్రాం, సంతకం లేదు, పైగా కీబోర్డు మీద చెయ్యి వేస్తోంది, యాంటీవైరస్‌కు అనుమానం రాకుండా ఉంటుందా? అసలు సీడీ నుంచో, కంపెనీ సైట్ నుంచో వచ్చిన కాపీ అయితే, పైన చెప్పిన పరీక్షలన్నీ దాటితే, ఆ ఒక్క ఫైల్‌కు మాత్రం డిఫెండర్‌లో మినహాయింపు ఇవ్వండి. సీ డ్రైవ్ మొత్తానికి ఇచ్చేవాళ్లున్నారు, అలా చేయకండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఫైల్ పంపి పరీక్షించమని అడిగే పేజీ కూడా ఉంది.

అదే సాఫ్ట్‌వేర్ క్రాక్ కాపీ అయితే నేను ఆ పూచీ తీసుకోను. "క్రాక్ అన్నాక యాంటీవైరస్ అరుస్తుందిలే" అనే మాట షాపుల్లో పాతుకుపోయింది. అరుపులో సగం క్రాక్ వల్లే కావొచ్చు. మిగతా సగం అందులో నిజంగా దూర్చిన ట్రోజన్ (మంచి ప్రోగ్రాం వేషంలో వచ్చే వైరస్) వల్ల. ఆ రెంటినీ విడదీయడం ఇంట్లో కూర్చుని చేసే పని కాదు.

ఇంకా తేలకపోతే విండోస్ ప్రోలో శాండ్‌బాక్స్ ఉంది. విండోస్ ఫీచర్స్‌లో ఆన్ చేస్తే సిస్టమ్ లోపలే ఇంకో ఖాళీ విండోస్ తెరుచుకుంటుంది, మూసేస్తే అందులోని సమస్తం మాయం. హోమ్ ఎడిషన్‌లో లేదు. శాండ్‌బాక్స్‌లో ఉన్నామని పసిగట్టి బుద్ధిగా కూర్చునే వైరస్‌లూ ఉన్నాయి, కాబట్టి అక్కడ ఏమీ జరగలేదని సర్టిఫికెట్ ఇచ్చేయకండి.

8. ఫోన్‌లో ఏపీకే వస్తే

ఇక్కడ ఇంత పరీక్ష అక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఏదైనా ఇన్‌స్టాల్ చేయకండి, అంతే. ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, పెళ్లి పత్రిక, ఇలా ఏ పేరైనా పెట్టుకుంటుంది. చలానా ఉంటే పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. పెళ్లి పత్రిక ఫొటోనో, పీడీఎఫ్‌నో, వీడియోనో అవుతుంది కానీ యాప్ ఎందుకవుతుంది? రొయ్యల రేట్ల పట్టిక యాప్ రూపంలో ఎవరైనా పంపినా ఇదే మాట. ఇవి ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగి ఓటీపీలు లాగేస్తాయి, ఆపైన మీ కాంటాక్టులకు మీ పేరుతోనే పోతాయి. మావయ్య నంబరు నుంచి వచ్చిందంటే మావయ్య ఫోన్‌లోకి అది ఇప్పటికే దూరిందని అనుకోండి, వెంటనే ఫోన్ చేసి చెప్పండి.

9. అప్పటికే తెరిచేసి ఉంటే

ముందు నెట్ తీసేయండి. సిస్టమ్‌కు లాన్ వైర్ పీకండి, వైఫై ఆపండి. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పని ఏదీ చేయకండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి, మిగతావన్నీ దాని ద్వారానే రీసెట్ అవుతాయి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది కాబట్టి దాక్కున్నవి దొరుకుతాయి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి.

ఫోన్‌లో ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాకుండా మొండికేస్తే, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ వెతికి అక్కడ దాని టిక్ తీసేశాక ప్రయత్నించండి. యాక్సెసిబిలిటీలోనూ దాని పేరుందేమో చూడండి. అప్పటికీ పోకపోతే ఫొటోలు బ్యాకప్ తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడమే. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనివి ఉంటే లాగౌట్ చేయండి.

డబ్బు పోయిందని తెలిస్తే స్కాన్లు, రీసెట్లు తర్వాత చూసుకోవచ్చు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పక్కవాళ్ల ఫోన్ నుంచైనా సరే. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, మెసేజ్‌లో వచ్చిన ట్రాన్సాక్షన్ నంబరు, పోయిన మొత్తం, సమయం చేతిలో పెట్టుకుని మాట్లాడండి. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. ఆ ఏపీకే వచ్చిన వాట్సాప్ చాట్‌ను మాత్రం డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుతో పాటు జత చేయాలి.